ఇంట్లో వాయిస్ అసిస్టెంట్: మన మాటలు ఎక్కడికి వెళ్తున్నాయో తెలుసుకుని అదుపులో పెట్టుకునే విధానం

మాటతో ఆదేశాలు తీసుకునే స్మార్ట్ స్పీకర్ ఉన్న ఇంట్లో తరచుగా వినిపించే ప్రశ్న, ఇది మన మాటలన్నీ వింటోందా అన్నది. దీనికి అవుననో కాదనో ఒక్క ముక్కలో జవాబు చెప్పినా పెద్దగా ప్రయోజనం ఉండదు. ఏ మాట ఆ పరికరం దాటి బయటికి పోతుంది, పోయిన మాట ఎంతకాలం నిలవ ఉంటుంది, దాన్ని తెరిచి వినగలిగేది ఎవరు అనే విషయాలు తెలిస్తేనే మనం చేయగలిగింది ఏమిటో తేలుతుంది. పైగా ఈ నిర్ణయాలన్నీ ఇంట్లో ఒకే ఒక్కరి చేతిలో ఉంటాయి. స్పీకర్‌ను ఎవరి ఖాతాతో మొదలుపెట్టారో వారు నొక్కిన అనుమతులే ఇంటిల్లిపాదికీ, ఇంటికి వచ్చిపోయే వారికీ వర్తిస్తాయి. అందువల్ల ఈ వ్యాసం ముఖ్యంగా ఆ ఖాతాదారును ఉద్దేశించి రాస్తున్నాను.

పరికరం లోపల జరిగేది

అమెజాన్ ఎకో 2014లోనూ, గూగుల్ హోమ్ 2016లోనూ, ఆపిల్ హోమ్‌పాడ్ 2018లోనూ మార్కెట్లోకి వచ్చాయి. పేర్లు వేరైనా పనిచేసే పద్ధతి దాదాపు ఒకటే. మైక్రోఫోన్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. లోపలి చిప్ కొద్ది క్షణాల శబ్దాన్ని మాత్రం తాత్కాలికంగా దాచుకుని, అందులో "అలెక్సా" (ఎకోలోని అసిస్టెంట్ పేరు), "హే గూగుల్", "సిరి" (ఆపిల్ అసిస్టెంట్ పేరు) వంటి పిలుపు మాట ఉందేమో పోల్చి చూసి, లేకపోతే దాని మీదే కొత్త శబ్దాన్ని రాసుకుంటూ పోతుంది. ఈ పోలిక వరకు జరిగేదంతా పరికరంలోనే జరుగుతుంది. పిలుపు వినబడిందని అది అనుకున్న మరుక్షణం దీపం వెలుగుతుంది. అక్కడి నుంచి మనం అన్న మాటలు సాధారణంగా కంపెనీ సర్వర్లకు వెళ్లి, అక్షరాల్లోకి మారి, జవాబుగా తిరిగి వస్తాయి. ఆ శబ్దమూ, దాని అక్షర రూపమూ ఖాతా చరిత్రలో చేరతాయా లేదా అన్నది సెట్టింగుల మీద ఆధారపడి ఉంటుంది. ఆపిల్ 2021లో విడుదల చేసిన ఐఓఎస్ 15 (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి సిరికి చెప్పే మాటలను చాలావరకు ఫోన్‌లోనే గుర్తించే ఏర్పాటు చేసింది. స్మార్ట్ స్పీకర్లు మాత్రం ఎక్కువగా సర్వర్ల మీదే ఆధారపడి నడుస్తున్నాయి.

చిక్కంతా ఆ "అనుకోవడం" దగ్గరే ఉంది. జర్మనీలోని రూర్ విశ్వవిద్యాలయం, మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2020లో వెల్లడించిన అధ్యయనంలో, పిలుపు మాట కాకపోయినా ఈ పరికరాలను మేల్కొలిపే శబ్దాలు 1000కి పైగా బయటపడ్డాయి. ఇంగ్లీషులో "ఎలక్షన్" అన్న మాటకు అలెక్సా, "ఓకే కూల్" అంటే గూగుల్, "ఎ సిటీ" అంటే సిరి స్పందించిన సందర్భాలు అందులో ఉన్నాయి. కొన్ని పరికరాలు ఇలాంటి అనుమానాస్పదమైన పిలుపును సర్వర్‌లో మరోసారి సరిచూసి, పొరపాటని తేలితే ఆగిపోతాయి. అయితే సరిచూడడానికి పంపిన ముక్క అప్పటికే ఇల్లు దాటి ఉంటుంది.

2018లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో ఒక దంపతుల సంభాషణను ఎకో రికార్డు చేసి, వారికి పరిచయమున్న మరో వ్యక్తికి పంపింది. అమెజాన్ ఇచ్చిన వివరణ ప్రకారం, మాటల మధ్యలో ఏదో పదం "అలెక్సా" అన్నట్టు వినబడింది. తర్వాతి మాటలు "సందేశం పంపు" అన్నట్టు తోచాయి. ఎవరికి అని అది పైకే అడిగింది. నేపథ్యంలో వినిపించిన మాటల్లో పరిచయస్తుల జాబితాలోని ఒక పేరు ఉన్నట్టు దానికి అనిపించింది. పంపనా అని అడిగి, ఆ తర్వాతి మాటను అంగీకారంగా తీసుకుంది. ఒక పొరపాటు మీద మరో పొరపాటు ఇలా వరుసగా పేరుకోవడం అరుదే. అయినా స్పీకర్‌కు ఫోన్‌లోని పరిచయాల జాబితాను అప్పగించి ఉండకపోతే ఆ గొలుసు మధ్యలోనే తెగిపోయేది. సెట్టింగుల విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే కారణం ఇదే.

ముందుగా చరిత్ర తెరిచి వినండి

ఏ సెట్టింగునైనా మార్చే ముందు, ఇప్పటివరకు నిలవ ఉన్నదేమిటో ఒకసారి చూడడం మంచిది. అలెక్సా యాప్‌లో "మోర్" అన్న చోటికి వెళ్లి "అలెక్సా ప్రైవసీ" తెరిస్తే వాయిస్ చరిత్ర కనిపిస్తుంది. గూగుల్ ఖాతాలో "మై యాక్టివిటీ" పేజీలో అసిస్టెంట్‌కు సంబంధించిన అంశాలను వేరుచేసి చూడవచ్చు. యాప్‌లు కొత్త రూపంలో వచ్చినప్పుడల్లా ఈ మెనూల చోటు కాస్త అటూ ఇటూ అవుతుంటుంది కాబట్టి, దొరకనప్పుడు ప్రైవసీ అన్న శీర్షిక కోసం వెతకండి.

అక్కడ కనిపించే ప్రతి నమోదులో తేదీ, సమయం, ఏ గదిలోని పరికరం విన్నది, అదేమని అర్థం చేసుకున్నది అనే వివరాలు ఉంటాయి. శబ్దం నిలవ ఉంటే నొక్కి వినవచ్చు. "రేపు ఆరింటికి లేపు", "లైటు ఆపు" వంటి మామూలు ఆదేశాలే ఎక్కువగా ఉంటాయి. వాటి మధ్య, ఈ మాటలు అలెక్సాను ఉద్దేశించినవి కావు అన్న వ్యాఖ్యతోనో, అర్థం కాని అక్షరాలతోనో కొన్ని నమోదులు తగులుతాయి. ముందు వినవలసినవి అవే. టీవీలో ఎవరో అన్న మాట, పక్క గదిలోంచి వచ్చిన పిల్లల అరుపు, ఫోన్‌లో సగం నడుస్తున్న సంభాషణ వాటిలో దొరుకుతాయి. వినేటప్పుడు ఏ గదిలో, ఏ వేళలో ఇవి ఎక్కువగా వస్తున్నాయో గమనించండి. స్పీకర్‌ను ఎక్కడి నుంచి తీసివేయాలో ఆ గమనింపే చెబుతుంది.

ఇక్కడ ఒక మర్యాద పాటించాలి. ఆ చరిత్రలో మీ మాటలే కాక ఇంట్లోని ఇతరుల మాటలు కూడా ఉంటాయి. వారికి చెప్పకుండా వాటిని వినడం, ఈ వ్యాసం వద్దంటున్న పనినే మనం చేసినట్టవుతుంది. కూర్చోబెట్టి, కలిసి వినండి. రికార్డింగ్ ఎలా ఉంటుందో ఒకసారి చెవితో విన్నవారికి మిగతా జాగ్రత్తలు ఎందుకో విడిగా చెప్పనక్కరలేదు.

నిలవ కాలాన్ని తగ్గించండి

చూడడం పూర్తయ్యాక పాతవాటిని చెరిపివేసి, ఇకపై తమంతట తామే చెరిగిపోయేలా గడువు పెట్టండి. అమెజాన్ 3 నెలలు, 18 నెలలు అన్న గడువులతో పాటు రికార్డింగులను అసలు నిలవ చేయవద్దన్న ఎంపికనూ ఇస్తోంది. గూగుల్‌లో 3, 18, 36 నెలల గడువులు ఉన్నాయి. శబ్దాన్ని దాచడం ఇష్టం లేకపోతే "వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ"లో వాయిస్, ఆడియోకు సంబంధించిన గడిలో టిక్కు లేకుండా చూసుకుంటే సరిపోతుంది. ఐఫోన్ సెట్టింగుల్లో సిరి, డిక్టేషన్ చరిత్రను చెరిపే ఏర్పాటు ఉంది. నా అభిప్రాయంలో నిలవ చేయవద్దన్న ఎంపికే అన్నిటికంటే మేలైనది. గొంతును బట్టి మనిషిని గుర్తుపట్టే సదుపాయం కొన్నిటిలో దీనివల్ల పనిచేయకపోవచ్చు కానీ, చాలా ఇళ్లకు అది లేని లోటేమీ కాదు.

నిలవ చేయవద్దని చెప్పడానికీ, పంపవద్దని చెప్పడానికీ తేడా ఉందని గుర్తుంచుకోవాలి. మాటను పరికరంలోనే గుర్తించి, శబ్దాన్ని సర్వర్‌కు పంపకుండా ఉంచే ఎంపికను అమెజాన్ కొన్ని ఎకో నమూనాల్లో కొంతకాలం ఇచ్చి, 2025 మార్చి 28 నుంచి ఉపసంహరించుకుంది. అంటే ఒకప్పుడు మీరు పెట్టుకున్న సెట్టింగు ఎల్లకాలం అలాగే ఉంటుందన్న భరోసా లేదు. కంపెనీ నుంచి నిబంధనల మార్పు గురించి మెయిల్ వచ్చినప్పుడు చెత్తబుట్టలో పడేయకుండా చదవండి. ఏడాదికి రెండు మూడు సార్లు ఈ పేజీలన్నీ మళ్లీ తిరగేయండి.

శబ్దం చెరిపినంత మాత్రాన అక్షర రూపం కూడా పోయిందని అనుకోకూడదు. పిల్లల రికార్డింగులను అమెజాన్ అవసరానికి మించి దాచిందనీ, తల్లిదండ్రులు చెరపమన్న తర్వాత కూడా వాటి అక్షర రూపాన్ని అన్ని చోట్లా తొలగించలేదనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2023లో ఆ వ్యవహారాన్ని ముగించడానికి అమెజాన్ 2.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. పిల్లలున్న ఇంట్లో ఖాతాదారు పాటించవలసిన పద్ధతి నా దృష్టిలో సరళమైనది. పిల్లల గదిలో ఈ స్పీకర్ ఉండకూడదు. తప్పనిసరై ఉంచితే పిల్లల కోసం ప్రత్యేకించిన ప్రొఫైల్‌తోనే వాడాలి, గడువు అతి తక్కువగా పెట్టాలి. తమ పేరు, బడి, ఇంటి చిరునామా, ఆరోగ్యం గురించి ఆ యంత్రంతో చెప్పకూడదని పిల్లలకు నేర్పాలి.

మనుషులు వినకుండా చేసే సెట్టింగు

మన మాటలను యంత్రమే కాక మనుషులు కూడా వింటారన్న సంగతి 2019లో వరుసగా బయటపడింది. అలెక్సా రికార్డింగుల్లో కొన్నిటిని సిబ్బంది విని రాసుకుంటున్నారని ఏప్రిల్‌లో బ్లూమ్‌బెర్గ్ రాసింది. జులైలో బెల్జియం ప్రసార సంస్థ వీఆర్‌టీకి గూగుల్ అసిస్టెంట్ రికార్డింగులు 1000కి పైగా చేరాయి. వాటిలో 150కి పైగా పిలుపు మాట లేకుండానే మొదలైనవి. అదే నెలలో సిరి విషయమూ గార్డియన్ పత్రికలో వచ్చింది. ఆపిల్ ఆ పనిని నిలిపివేసి, క్షమాపణ చెప్పి, వాడేవారు తామై ఒప్పుకుంటేనే వినేలా పద్ధతి మార్చింది. సిరి పొరపాటున మేల్కొని మాటలను రికార్డు చేసిందన్న దావాలో 9.5 కోట్ల డాలర్ల పరిష్కారానికి ఆపిల్ సమ్మతించిన సంగతి 2025 జనవరిలో వెల్లడైంది. తప్పు చేసినట్టు మాత్రం ఆ సంస్థ అంగీకరించలేదు.

సేవను మెరుగుపరచడానికి సహకరించండి అన్న ధోరణిలో ఉండే అనుమతి ఏది కనబడినా ఆపివేయండి. ఐఫోన్‌లో ఇది ప్రైవసీ విభాగం కింద "ఎనలిటిక్స్ అండ్ ఇంప్రూవ్‌మెంట్స్"లో "ఇంప్రూవ్ సిరి అండ్ డిక్టేషన్" అన్న పేరుతో ఉంటుంది. అలెక్సాలో ప్రైవసీ పేజీలోని వాయిస్ రికార్డింగుల వినియోగం అన్న మీటను ఆపాలి. దీన్ని ఆపడం వల్ల రోజువారీ వాడకంలో మీకు తగ్గేదేమీ ఉండదు.

ఎక్కడ ఉంచాలి, ఎప్పుడు ఆపాలి

పడకగది, స్నానాల గది, ఇంటి నుంచి పనిచేసేవారి గది, డాక్టరుతోనో వకీలుతోనో ఫోన్‌లో మాట్లాడే చోటు ఈ పరికరానికి తగినవి కావు. అందరూ కూర్చునే గదిలో, టీవీకి దూరంగా ఉంచితే పొరపాటు పిలుపులు తగ్గుతాయి. కిటికీ పక్కన పెట్టకపోవడానికి మరో కారణం కూడా ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయం, టోక్యోలోని ఎలక్ట్రో కమ్యూనికేషన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో, మైక్రోఫోన్ మీద లేజర్ కాంతిని పడేలా చేసి, 110 మీటర్ల దూరం నుంచి కూడా ఈ పరికరాలకు నిశ్శబ్దంగా ఆదేశాలివ్వవచ్చని చూపించారు. మామూలు ఇంటికి అలాంటి దాడి ఎదురయ్యే అవకాశం చాలా తక్కువే కానీ, స్పీకర్‌ను కిటికీ నుంచి జరపడానికి అయ్యే ఖర్చేమీ లేదు కదా.

చాలా స్పీకర్ల మీద మైక్రోఫోన్‌ను ఆపే బటనో, వెనకవైపు చిన్న మీటో ఉంటుంది. ఎకోలో నొక్కితే ఎర్ర దీపం, గూగుల్ స్పీకర్లలో నారింజ రంగు దీపం వెలుగుతుంది. అతిథులు వచ్చినప్పుడు, డబ్బు లెక్కలు మాట్లాడుకునేటప్పుడు, ఇంట్లో కష్టసుఖాలు చెప్పుకునేటప్పుడు దాన్ని నొక్కి ఉంచడం అలవాటు చేసుకోండి. ఊరెళ్తున్నప్పుడు ప్లగ్గు తీసివేయండి. ప్లగ్గు తీస్తే ఇక సందేహానికి తావే ఉండదు. 2017లో విడుదలకు ముందు విలేకరులకు ఇచ్చిన గూగుల్ హోమ్ మినీల్లో కొన్ని, పైభాగంలోని స్పర్శ మీటలోని లోపం వల్ల ఎవరూ తాకకపోయినా పదే పదే రికార్డు చేస్తూ పోయాయి. చివరికి గూగుల్ ఆ సదుపాయాన్నే తొలగించవలసి వచ్చింది. పరికరం చెప్పినట్టే నడుచుకుంటుందన్న నమ్మకం అన్ని వేళలా సరికాదు.

పిలుపు మాటను మార్చుకునే వీలుంటే ఇంట్లో ఎవరి పేరుకూ, తరచుగా వాడే మాటకూ దగ్గరగా లేనిదాన్ని ఎంచుకోండి. గూగుల్ హోమ్ యాప్‌లో పిలుపును ఎంత సున్నితంగా పట్టుకోవాలో తగ్గించే ఏర్పాటు ఉంది. మేల్కొన్నప్పుడు చిన్న శబ్దం చేసేలా పెట్టుకోవడం చాలా ఉపయోగకరం, ఎందుకంటే దీపం వైపు ఎవరూ అదేపనిగా చూస్తూ కూర్చోరు.

అవసరం లేని తలుపులు మూయండి

పరిచయస్తుల జాబితా, కాల్స్, సందేశాలు, మాటతో కొనుగోళ్లు అనే సదుపాయాల్లో మీరు నిజంగా వాడని వాటిని ఆపివేయండి. కొనుగోళ్లు ఉంచుకోదలిస్తే ధ్రువీకరణకు పిన్ పెట్టండి. మాటతో ఇంటి తలుపు తాళం తీసే ఏర్పాటు మాత్రం, పిన్ ఉన్నా సరే, నేను ఎవరికీ సూచించను. ఇతర సంస్థలు తయారుచేసిన "స్కిల్స్"ను, అంటే అసిస్టెంట్‌కు అదనంగా కలిపే చిన్న ప్రోగ్రాములను, ఒక్కొక్కటిగా చూసి, పనికిరాని వాటిని తీసివేయాలి. బెర్లిన్‌కు చెందిన సెక్యూరిటీ రీసెర్చ్ ల్యాబ్స్ 2019లో, పని ముగిసినట్టు నటించి మౌనంగా వింటూ ఉండేవీ, పాస్‌వర్డ్ చెప్పమని అడిగేవీ తయారుచేసి, అవి కంపెనీల పరిశీలన దాటి పోయాయని నిరూపించింది. అందుచేత ఏ అసిస్టెంట్ అయినా పాస్‌వర్డ్ అడిగితే అది మోసమనే భావించి, జవాబివ్వకుండా ఆ స్కిల్‌ను తొలగించండి.

ఖాతాకు మరెక్కడా వాడని పాస్‌వర్డ్ ఒకటి పెట్టి, రెండంచెల ధ్రువీకరణను ఆన్ చేయండి. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ సదుపాయం ఉంటే స్పీకర్‌ను దానికి కలపడం వల్ల, మీ కంప్యూటర్లు, ఫైళ్లు ఉన్న నెట్‌వర్క్ వేరుగా ఉంటుంది. టీవీ రిమోట్, ఫోన్, చేతి గడియారాల్లోని అసిస్టెంట్లకు కూడా ఈ జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. స్పీకర్ కొనకపోయినా చాలామంది ఇళ్లలో వినే యంత్రం ఒకటి ఉండనే ఉంది.

ఇంట్లోవారి సమ్మతి

పెద్దగా ఎవరూ మాట్లాడని విషయమిది. ఖాతా ఎవరిదో వారు ఎక్కడి నుంచైనా ఇంట్లోవారు అడిగిన ప్రశ్నల చరిత్ర చూడగలరు. ఎకోలోని "డ్రాప్ ఇన్" అనుమతి ఉంటే, అవతలివారు కాల్ ఎత్తనవసరం లేకుండానే స్పీకర్ ద్వారా గదిలోని మాటలు వినగలరు. ఆ సమయంలో ఆకుపచ్చ దీపం వెలుగుతుంది కానీ, అటు చూడనివారికి ఆ సంగతి తెలియదు. ఒంటరిగా ఉండే పెద్దలను కనిపెట్టుకుని ఉండడానికి పనికొచ్చే ఈ సదుపాయమే, భార్యనో భర్తనో అదుపాజ్ఞల్లో పెట్టడానికి కూడా పనికొస్తుంది. ఇంట్లోవారందరికీ తెలిసి, ఒప్పుకుని ఉంటే తప్ప దాన్ని ఆపివేయండి. విడిపోయిన వ్యక్తి ఖాతాతో నడుస్తున్న స్పీకర్ మీ ఇంట్లో ఉంటే ముందు ప్లగ్గు తీసి, తర్వాత మీ సొంత ఖాతాతో మొదటినుంచి అమర్చుకోండి. అయితే ఆ వ్యక్తి వల్ల ప్రాణభయం ఉన్నప్పుడు, హఠాత్తుగా తీసివేస్తే అవతలివారికి తెలిసిపోతుంది కనుక, ఏది ఎప్పుడు చేయాలో గృహహింస సహాయ సంస్థలతో మాట్లాడి నిర్ణయించుకోవడం క్షేమం. ఆ మాట్లాడడం కూడా ఆ స్పీకర్‌కు వినబడని చోట, ఆ ఖాతాతో సంబంధం లేని ఫోన్ నుంచి జరగాలి.

ఇంటికి వచ్చినవారికి స్పీకర్ ఉందని చెప్పాలా అన్న ప్రశ్నకు, గూగుల్ పరికరాల విభాగాధిపతి రిక్ ఆస్టర్లో 2019లో తాను అతిథులకు చెబుతానని సమాధానమిచ్చారు. తయారుచేసేవారే చెబుతున్నప్పుడు వాడేవారు చెప్పడానికి మొహమాటపడవలసిన పని లేదు. ఇంట్లో పనిచేసేవారికి కూడా ఈ సంగతి తెలియజేయాలి. వద్దని చెప్పే చొరవ వారికి ఉండదు కాబట్టి, వారు ఉన్నంతసేపు మ్యూట్ చేసి ఉంచడం మన బాధ్యత.

దాచిన రికార్డింగులు న్యాయస్థానం దాకా వెళ్లే అవకాశం కూడా ఉంది. అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో 2015లో జరిగిన ఒక మరణంపై దర్యాప్తులో పోలీసులు ఎకో రికార్డింగులు కోరారు. అమెజాన్ మొదట అభ్యంతరం తెలిపి, నిందితుడు ఒప్పుకున్నాక 2017లో ఇచ్చింది. నిలవ లేనిదాన్ని ఎవరూ అడిగి తీసుకోలేరు కాబట్టి, గడువు గురించి పైన చెప్పింది ఇక్కడా పనికొస్తుంది.

అమ్మే ముందు, పారేసే ముందు

పాత స్పీకర్‌ను ఇతరులకు ఇచ్చేటప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ (అందులోని వివరాలు చెరిపి కొత్తదానిలా మార్చడం) తప్పక చేయాలి. నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాడిన ఎకో డాట్‌లను 86 కొని పరీక్షించగా, వాటిలో 61 శాతం రీసెట్ చేయకుండానే అమ్మినవని 2021లో వెల్లడించారు. రీసెట్ చేసినవాటి చిప్‌ల నుంచి కూడా వైఫై పాస్‌వర్డ్ వంటి వివరాలను రాబట్టడం సాధ్యమేనని వారు చూపించారు. కాబట్టి ముందుగా యాప్‌లో వాయిస్ చరిత్రను చెరపండి. తర్వాత పరికరాన్ని ఖాతా నుంచి తొలగించి, రీసెట్ చేయండి. స్పీకర్ చేయి మారిన రోజునే వైఫై పాస్‌వర్డ్ కూడా మార్చండి.